మీ రిపోర్టు చెబుతున్నది ఆగస్టు నెల సంగతి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది హిందూపురం. ఏడేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మారతహళ్ళిలో ఉంటున్నాం. నాకు 32, నా భార్యకు 28. పెళ్లయి రెండేళ్లు. ఏడాదిగా పిల్లల కోసం చూస్తున్నాం. ఊరికి వెళ్తే చాలు, "విశేషమేమైనా ఉందా?" అని అందరూ ఆమెనే అడుగుతారు. మా అమ్మ ఆమెను విదురాశ్వత్థం తీసుకెళ్లి నాగప్రతిష్ఠ కూడా చేయించింది. ఆమెకు ట్యూబ్ టెస్ట్‌తో సహా అన్ని పరీక్షలూ అయ్యాయి, అన్నీ నార్మల్. అయినా నెలనెలా ట్యాబ్లెట్లు ఇస్తున్నారు. నన్ను కూడా టెస్ట్ చేయించుకోమంటే అక్టోబరు 4న ఇచ్చాను. ల్యాబ్‌లో ఆ గదిలో నావల్ల కాలేదు. ఇంట్లోనే తీసి బైక్ మీద జయనగర్ తీసుకెళ్లాను. తీసేటప్పుడు మొదట కొంచెం కింద పడిపోయింది. సిల్క్ బోర్డ్ దగ్గర ఇరుక్కుపోయి గంటా నలభై నిమిషాలు పట్టింది. పాడవకూడదని బ్యాగులో డబ్బాను చల్లటి నీళ్ల బాటిల్ పక్కన పెట్టాను. బాగా రావాలని అంతకుముందు తొమ్మిది రోజులు ఆగాను కూడా. అయినా రిపోర్టులో 1.2 మిల్లీలీటర్లు, కౌంట్ 9 మిలియన్లు, కదలిక 18 శాతం అని వచ్చింది. ఇంట్లో "ఇంకా రాలేదు" అని చెప్పి దాన్ని ల్యాప్‌టాప్ బ్యాగులో దాచాను. ఆగస్టు ఆఖర్లో డెంగీ వచ్చి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. అది తప్ప నాకు ఏ జబ్బూ లేదు. ఎడమ వృషణం కొంచెం కిందికి ఉంటుంది, దాని పైన నరాలు ఉబ్బినట్టు చేతికి తగులుతాయి. కాలేజీ రోజుల్లో హస్తప్రయోగం అలవాటు ఉండేది, దానివల్లే ఇలా అయిందా? టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటే రెండు నెలల్లో కౌంట్ పెరుగుతుందని జిమ్ ట్రైనర్ అంటున్నాడు. వచ్చే వారం మొదలుపెడదామనుకుంటున్నాను. రిపోర్టు వచ్చినప్పటి నుంచి అంగం కూడా సరిగా గట్టిపడటం లేదు. నా భార్యకు ఈ విషయం చెప్పాలా?
పేరు వద్దు, మారతహళ్ళి, బెంగళూరు

సమాధానం: ఆ ఇంజెక్షన్ వేయించుకోకండి. వచ్చే వారమే అన్నారు కాబట్టి మిగతావన్నీ పక్కనపెట్టి దీంతోనే మొదలుపెడుతున్నాను. మీరడిగిన వాటిలో ఇప్పటికిప్పుడు మీకు నిజంగా హాని చేయగలిగింది ఇదొక్కటే.

టెస్టోస్టెరాన్ మగతనానికి సంబంధించిన హార్మోను కదా, అది ఎక్కువైతే వీర్యకణాలూ ఎక్కువవుతాయి అనుకోవడం సహజం. జరిగేది దానికి తలకిందులు. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అని రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. మొదటిది వృషణాల్లో ఉన్న లైడిగ్ కణాల చేత టెస్టోస్టెరాన్ తయారు చేయిస్తుంది. రెండోది సెర్టోలీ కణాలను పనిలో పెడుతుంది. పుడుతున్న వీర్యకణాలకు తిండి పెట్టి, కాపు కాసి, పెంచి పెద్దచేసేది ఈ సెర్టోలీ కణాలే. వృషణం లోపల ఉండే టెస్టోస్టెరాన్ రక్తంలో ఉన్నదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ అంత ఉంటేనే వీర్యకణం తయారవుతుంది.

ఇప్పుడు బయటి నుంచి ఇంజెక్షన్ వేశారనుకోండి. రక్తంలో టెస్టోస్టెరాన్ పెరిగిందని పిట్యూటరీ కనిపెట్టి తన రెండు హార్మోన్లనూ ఆపేస్తుంది. మీ అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ నీళ్లతో ట్యాంకు నింపేస్తే బోరు మోటారు దానంతట అదే ఆగిపోతుంది చూడండి, అచ్చం అలాగే. రక్తంలో హార్మోను నిండుగా ఉంటుంది, కండలు పెరుగుతాయి, ఉత్సాహంగా కూడా ఉంటుంది. వృషణం లోపల మాత్రం అది అడుగంటుతుంది. వీర్యకణాల తయారీ ఆగిపోతుంది, వృషణాలు మెత్తబడి చిన్నవవుతాయి. ఇది ఎంత ఖాయమంటే, ఇవే ఇంజెక్షన్లను మగవాళ్లకు గర్భనిరోధకంగా వాడవచ్చా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించింది. 1990లో వెలువడిన ఆ అధ్యయనంలో 7 దేశాలకు చెందిన 271 మంది ఆరోగ్యవంతులు వారానికి 200 మిల్లీగ్రాముల చొప్పున టెస్టోస్టెరాన్ తీసుకున్నారు. ఆరు నెలల్లో 157 మందికి వీర్యంలో ఒక్క కణం కూడా లేకుండా పోయింది. పిల్లలు వద్దనుకునేవాళ్ల మీద ప్రయోగించి చూసిన మందును, పిల్లలు కావాలనుకునే మీకు మీ ట్రైనర్ ఇస్తానంటున్నాడు. అతనికి చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు, కానీ తెలియదు.

ఇలా జిమ్ నుంచి వచ్చిన కుర్రాళ్లను నా గదిలో చాలామందిని చూశాను. మంచి దేహం, రిపోర్టులో సున్నా. ఆపేస్తే చాలామందికి తిరిగి వస్తుంది. కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఇప్పటికే ఒకటి రెండు వేయించుకుని ఉంటే, లేదా పేరు తెలియని క్యాప్సూల్స్ ఏమైనా వాడి ఉంటే, అది దాచకుండా డాక్టరుకు చెప్పండి.

ఇక రిపోర్టు. మీ ఉత్తరంలో నాలుగు వాక్యాలు నన్ను పట్టి ఆపేశాయి. అవి మీకు పెద్ద సంగతులుగా అనిపించి ఉండవు. మొదట కొంచెం కింద పడింది. గంటా నలభై నిమిషాలు పట్టింది. చల్లటి నీళ్ల బాటిల్ పక్కన పెట్టాను. తొమ్మిది రోజులు ఆగాను. రిపోర్టు ఇచ్చిన ల్యాబ్ వాళ్లు ఈ నాలుగూ అడిగి రాసుకుని ఉండాల్సింది.

వీర్యం అంటే అంతా వీర్యకణాలే అనుకుంటారు చాలామంది. కాదు. బయటికి వచ్చే ద్రవంలో దాదాపు మూడింట రెండు వంతులు మూత్రాశయం వెనుక ఉండే రెండు సంచుల్లాంటి గ్రంథుల నుంచి వస్తుంది. వాటిని వీర్యకోశాలంటారు. వీర్యకణాలకు దారిబత్తెంగా పనికొచ్చే ఫ్రక్టోజ్ అనే చక్కెర అందులోదే. ఇంకో పావు వంతు పైచిలుకు ప్రోస్టేట్ గ్రంథిది. వృషణాల నుంచి వచ్చే కణాల వాటా అయిదు శాతం లోపే. అందుకే వేసెక్టమీ చేయించుకున్నవాళ్లకు కూడా వీర్యం చూడటానికి ముందులాగే ఉంటుంది. చిక్కగా ఉందా పలచగా ఉందా, తెల్లగా ఉందా అన్నది చూసి కౌంట్ చెప్పడం ఎవరివల్లా కాదు. రోడ్డు పక్క టెంటులో సీసాలు పేర్చుకుని కూర్చున్నవాళ్లు చెబుతారంటే నమ్మకండి.

ఈ ద్రవాలన్నీ ఒకేసారి కలిసి రావు, ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ముందు ప్రోస్టేట్ ద్రవం, దానితోపాటు వీర్యకణాలు. ఆ తర్వాత వీర్యకోశాల ద్రవం. అంటే మొదటి చుక్కల్లోనే కణాలు అన్నిటికంటే ఎక్కువ. మీకు కింద పడిపోయింది సరిగ్గా ఆ భాగమే. డబ్బాలో చేరినదాంట్లో కణాలు తక్కువగా ఉండటంలో వింతేముంది? ఆ 1.2 మిల్లీలీటర్లు కూడా కింద పడింది పోగా మిగిలినదే.

తర్వాత ప్రయాణం. వీర్యం బయటికి రాగానే ముద్దగా గడ్డకడుతుంది, పావుగంట నుంచి గంటలోపు మళ్లీ నీరులా కరుగుతుంది. అప్పుడు మైక్రోస్కోపు కింద చూడాలి. అరగంటకు మొదలుపెట్టడం మంచిది, గంట దాటనివ్వకూడదు. ఆలస్యమయ్యేకొద్దీ కదిలేవాటి సంఖ్య పడిపోతూ ఉంటుంది. చల్లదనం కూడా వాటికి పడదు, 20 డిగ్రీల కంటే తగ్గనివ్వకూడదు. పాలు పాడవకుండా ఫ్రిజ్‌లో పెడతాం కదా అన్నట్టు మీరు మంచి మనసుతోనే చల్లటి బాటిల్ పక్కన పెట్టారు. పెట్టాల్సింది చొక్కా లోపల, ఒంటికి ఆనించి. ఆ 18 శాతంలో మీ శరీరం సంగతి ఎంత, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ సంగతి ఎంత అన్నది ఆ కాగితం చూసి నేనే కాదు, ఎవరూ చెప్పలేరు.

తొమ్మిది రోజులు ఆగడం కూడా అంతే. పరీక్షకు ముందు కనీసం రెండు రోజులు, ఎక్కువలో ఎక్కువ ఏడు రోజులు విరామం ఉండాలి. అంతకు మించితే లోపల నిలవున్న పాత కణాలు పోగవుతాయి. సంఖ్య పెరగొచ్చు, చురుకుదనం తగ్గుతుంది. పిల్లల కోసం ప్రయత్నించే నెలల్లో కూడా "దాచుకుంటే బలం" అనుకుని వారాల తరబడి ఆగేవాళ్లున్నారు. ఆగొద్దు. రెండు మూడు రోజులకోసారి కలిస్తే చాలు. వీర్యకణాలు స్త్రీ శరీరంలో అయిదు రోజుల దాకా బతకగలవు, అండం మాత్రం ఒక్క రోజుకు మించి ఉండదు. కాబట్టి అండం విడుదలయ్యే సమయానికి కణాలు ముందే అక్కడ చేరి ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది మీ డెంగీ. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

వృషణాలు పొట్టలో భద్రంగా ఉండకుండా బయట ఒక పలచటి తోలుసంచిలో ఎందుకు వేలాడుతున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? వీర్యకణాలు తయారు కావాలంటే శరీరం కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి. అందుకే అవి బయటున్నాయి. డిసెంబరు ఉదయాన గీజర్ పనిచేయక చన్నీళ్లు పోసుకున్నప్పుడు చూడండి, ఆ సంచి ముడతలు పడి బిగుసుకుని వృషణాలను ఒంటికి దగ్గరగా లాక్కుంటుంది. మే నెలలో హిందూపురంలో అదే సంచి సాగి కిందికి జారుతుంది. తోలు కింద ఒక కండర పొర, వృషణాన్ని పట్టుకుని ఉన్న తాడులో ఇంకో కండరం ఈ పని చూసుకుంటాయి. మనకు తెలియకుండానే రోజంతా సర్దుతూనే ఉంటాయి. అంతే కాదు, పొట్టలోంచి వేడి రక్తం తెచ్చే ధమని చుట్టూ చల్లబడిన రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరలు ద్రాక్షతీగలా అల్లుకుని ఉంటాయి. వేడి రక్తం వృషణాన్ని చేరేలోపే ఆ అల్లికలో చల్లారుతుంది.

ఒక్కో వృషణంలో జుట్టు వెంట్రుక లాంటి సన్నని నాళాలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. విప్పి పరిస్తే వందల మీటర్లు వస్తాయి. ఆ నాళాల గోడల్లో మూలకణం ఒకటి విడిపోవడం మొదలుపెట్టి, తన 46 క్రోమోజోములను 23కి తగ్గించుకుని, తలా తోకా ఉన్న వీర్యకణంగా తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అప్పటికీ దానికి ఈదడం రాదు. వృషణం వెనుక అంటుకుని ఎపిడిడిమిస్ అనే గొట్టం ఉంటుంది, విప్పితే ఆరు మీటర్లు. అందులో కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా నెమ్మదిగా సాగుతూ ఈదే శక్తి తెచ్చుకుంటుంది. అక్కడి నుంచి శుక్రవాహిక అనే గొట్టం వాటిని గజ్జల మీదుగా పొట్టలోకి, మూత్రాశయం వెనక్కి, ప్రోస్టేట్ గుండా మూత్రనాళంలోకి చేరుస్తుంది. స్ఖలనం సమయంలో మూత్రాశయం ద్వారం మూసుకుంటుంది, అందుకే ఒకే దారి అయినా మూత్రమూ వీర్యమూ కలవవు.

ఇప్పుడు లెక్క వేయండి. అక్టోబరు 4న డబ్బాలో పడిన కణాలు తయారవడం మొదలైంది జులైలో. ఆగస్టు ఆఖరుకు అవి సగం తయారీలో ఉన్నాయి. అప్పుడే మీకు డెంగీ వచ్చింది. డెంగీ జ్వరం 102, 103 దాకా పోతుంది, రోజుల తరబడి దిగదు. ఒళ్లంతా కాలిపోతుంటే పాపం ఆ తోలుసంచి చేయగలిగింది ఏముంటుంది? పెద్ద జ్వరం తర్వాత రెండు మూడు నెలల పాటు కౌంట్, కదలిక రెండూ పడిపోవడం మాకు బాగా తెలిసిన విషయం. మీ చేతిలో ఉన్న కాగితం మీద తేదీ అక్టోబరుదే. అది చెబుతున్నది మాత్రం ఆగస్టు నెల సంగతి.

జ్వరం తగ్గాక కొత్తగా మొదలైన కణాలు బయటికి వచ్చేసరికి నవంబరు ఆఖరవుతుంది. కాబట్టి డిసెంబరు మొదటి వారంలో మళ్లీ పరీక్ష చేయించుకోండి. డెంగీ రాకపోయినా ఒక్క రిపోర్టుతో ఏ మగవాడి గురించీ తీర్పు చెప్పకూడదు. ఒకే మనిషికి వారం వారానికి అంకెలు మారుతుంటాయి. ఈసారి మారతహళ్ళిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో, ఇంటికి ఇరవై నిమిషాల్లోపు దూరంలో ఉన్న ల్యాబ్ చూసుకోండి. మూడు నాలుగు రోజుల విరామం చాలు. సబ్బు, నూనె, లాలాజలం ఏదీ తగలకూడదు. మామూలు కండోమ్‌లో అసలు పట్టకూడదు, అందులోని పదార్థాలు కణాలకు హాని చేయవచ్చు. కొంచెం కింద పడితే ఆ మాట ల్యాబ్‌లో చెప్పండి, ఇంకో రోజు ఇవ్వండి. ల్యాబ్ గదిలో కాలేదని సిగ్గుపడకండి. ట్యూబ్‌లైటు వెలుగు, రెక్సిన్ మంచం, తలుపు బయట టోకెన్ నంబర్లు పిలుస్తుంటే చాలామందికి కాదు. భార్యను తోడు రానివ్వమని అడగండి, ఒప్పుకునే ల్యాబ్‌లు ఉన్నాయి.

అంకెల గురించి కూడా ఒక మాట. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కొలతల ప్రకారం వీర్యం 1.4 మిల్లీలీటర్లు, ఒక మిల్లీలీటరుకు 16 మిలియన్ల కణాలు, మొత్తం కదలిక 42 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం. అవును, నాలుగే. వందలో తొంభై ఆరు వంకరగా ఉన్నా తండ్రులైనవాళ్లున్నారు. ఇవి పరీక్షలో పాస్ మార్కుల్లాంటివి కావు. ఏడాదిలోపు భార్యకు నెల తప్పిన వందమంది మగవాళ్లను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా నిలబెడితే, కింద నుంచి అయిదో మనిషి దగ్గర ఉండే అంకెలివి. అంటే అంతకంటే తక్కువ ఉండి కూడా తండ్రులైనవాళ్లు ఆ వరుసలోనే ఉన్నారు. అలాగని మీకు ఉత్త ధైర్యం చెప్పి పంపను. డిసెంబరులో కూడా 9 మిలియన్లే వస్తే అవకాశం తగ్గినట్టే, కారణం వెతకాల్సిందే. అప్పుడు ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్ రక్తపరీక్షలు, అవసరమైతే స్కాన్. అంతేగానీ అక్టోబరు రిపోర్టు చూపించి ఎవరైనా ఐవీఎఫ్ ప్యాకేజీ రాస్తే, వెంటనే డబ్బు కట్టకండి. మీ భార్య వయసు 28, రెండు నెలలు ఆగినంత మాత్రాన పోయేదేమీ లేదు. రేపు నిజంగా అవసరమైతే దారులున్నాయి. 1992లో బ్రస్సెల్స్ వైద్యులు ఒక్కో అండంలోకి ఒకే ఒక్క వీర్యకణాన్ని సూదితో పంపి గర్భం తెప్పించిన సంగతి ప్రకటించారు. అదే ఇప్పుడు అందరూ ఇక్సీ అంటున్నది.

ఎడమ వైపు నరాలు ఉబ్బాయన్నారు. అవి నరాలు కావు, సిరలు, అంటే రక్తనాళాలు. మాటలో తేడా ఎందుకు ఎత్తి చూపుతున్నానంటే, "నరాల బలహీనత" అని చెప్పి మీలాంటివాళ్ల దగ్గర వేలకు వేలు గుంజేవాళ్లున్నారు. ఎడమ వృషణం కుడిదాని కంటే కొంచెం కిందికి ఉండటం చాలామంది మగవాళ్లలో ఉన్నదే. కానీ నిలబడినప్పుడు పైన వానపాములు ముద్దగా చుట్టుకున్నట్టు తగిలి, పడుకుంటే అది మాయమైతే వేరికోసిల్ అంటాం. ఇందాక చెప్పిన ద్రాక్షతీగ లాంటి సిరలు ఉబ్బడమే అది. ఎక్కువగా ఎడమవైపే వస్తుంది. కుడి సిర నేరుగా పెద్ద సిరలో ఏటవాలుగా కలుస్తుంది. ఎడమది మాత్రం ఇంకా పైకి వెళ్లి, మూత్రపిండం సిరలో అడ్డంగా కలవాలి. అంత ఎత్తు రక్తం నిలబడితే కవాటాలు వదులవుతాయి. రక్తం నిలిచిపోతే చల్లబరిచే ఏర్పాటు దెబ్బతింటుంది.

వందమంది మగవాళ్లలో దాదాపు పదిహేను మందికి ఇది ఉంటుంది, వాళ్లలో ఎక్కువమందికి పిల్లలున్నారు. కాబట్టి ఉండగానే ఆపరేషన్ అక్కర్లేదు. చేతికి తగిలేంత ఉండి, వీర్యం రిపోర్టు రెండుసార్లు తక్కువ వచ్చి, భార్యాభర్తలు పిల్లల కోసం చూస్తుంటే అప్పుడు ఆలోచిస్తాం. చేసినా ఫలితం కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు, ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. యూరాలజిస్టు మిమ్మల్ని వెచ్చటి గదిలో నిలబెట్టి, గట్టిగా ముక్కమని చెప్పి, చేత్తో పరీక్షించాలి. కుర్చీలో కూర్చోబెట్టి రిపోర్టు మాత్రమే చూసి మందులు రాస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. మీ ఉత్తరంలో ఇన్ని పరీక్షల మాట ఉంది, మిమ్మల్ని ఇప్పటిదాకా ఒక్క డాక్టరూ చేత్తో పరీక్షించినట్టు లేదు.

ఎలాగూ చేత్తో చూసుకుంటున్నారు కాబట్టి ఇంకో రెండు విషయాలు. వృషణంలో రాయిలాంటి గట్టి గడ్డ, నొప్పి లేకపోయినా సరే, తగిలితే ఆ వారమే చూపించుకోవాలి. హఠాత్తుగా ఒకవైపు భరించలేని నొప్పి, వాంతులు వస్తే వృషణం మెలితిరిగి ఉండొచ్చు. అది అర్ధరాత్రయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన పని. ఆరు గంటల్లోపు సరిచేస్తే దక్కే అవకాశం చాలా ఎక్కువ. ఇది పెళ్లి కాని తమ్ముళ్లకు, కొడుకులకు కూడా చెప్పి ఉంచండి. సిగ్గుతో తెల్లారేదాకా ఆగి వృషణం పోగొట్టుకున్న పిల్లలున్నారు.

కాలేజీ రోజుల అలవాటు వల్ల ఏమీ కాలేదు. ఇది ఒక్క మాటలో చెప్పి వదిలేయొచ్చు. కానీ ఇంత చదువుకున్న మీరు కూడా పదేళ్లుగా ఈ దిగులు మోస్తున్నారంటే నాకు బాధగా ఉంది. వీర్యం బొట్టు పోతే ఇన్ని రక్తపు బొట్లు పోయినట్టే అని చిన్నప్పుడు ఎవరో ఒకరు అందరికీ చెప్పి ఉంటారు. వీర్యం రక్తంలోంచి పిండినది కాదు. రోజుకు కొన్ని కోట్ల కణాలు కొత్తగా పుడుతూనే ఉంటాయి, వాడనివి లోపలే కరిగిపోతాయి. నిద్రలో పోయినా అంతే. వీర్యం పోతోందన్న భయంతో నీరసం, గుండెదడ, ఒళ్లు నొప్పులతో వచ్చే మన దేశపు కుర్రాళ్ల బాధకు 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ అనే మానసిక వైద్యుడు ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఆ నీరసం నిజమే, దానికి కారణం వీర్యం కాదు, భయం.

అంగం గట్టిపడకపోవడం కూడా ఆ భయం పనే అని నా అభిప్రాయం. అంగంలో ఎముక లేదు. స్పాంజిలాంటి కణజాలంతో రెండు స్తంభాలు పక్కపక్కన, మూత్రనాళం చుట్టూ ఇంకొకటి ఉంటాయి. మనసు కదిలినప్పుడు నరాల చివర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలై ధమనులు వదులవుతాయి, రక్తం నిండుతుంది, ఆ ఒత్తిడికి బయటికి పోయే సిరలు నొక్కుకుపోతాయి. ఈ వాయువు రక్తనాళాల్లో చేసే పనిని కనుగొన్నందుకే ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ ఇచ్చారు. టెన్షన్‌లో ఉన్నప్పుడు శరీరం అడ్రినలిన్ వదులుతుంది. అది ధమనులను బిగిస్తుంది. మంచం మీద 9 మిలియన్లు గుర్తొస్తే రక్తం ఎలా నిండుతుంది? తెల్లవారుజామున నిద్రలో గట్టిపడుతోందా గమనించండి. పడుతోందంటే లోపలి ఏర్పాటంతా బాగానే ఉంది. డిసెంబరు తర్వాత కూడా ఇలాగే ఉంటే షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. అన్నట్టు, అంగం గట్టిపడటానికీ కౌంట్‌కీ సంబంధం లేదు. అవి రెండూ వేరు వేరు పనులు.

ఆఖరి ప్రశ్న. మీ భార్యకు చెప్పాలా?

ట్యూబ్ టెస్ట్ ఎలా చేస్తారో మీకు తెలుసా? ఎక్స్‌రే బల్ల మీద కాళ్లు ఎడం చేసి పడుకోబెడతారు. గర్భాశయ ముఖద్వారంలోంచి సన్నని గొట్టం పెట్టి మందునీళ్లు ఎక్కిస్తారు. నెలసరి నొప్పికి రెండింతలు నొప్పి వచ్చిందని చెప్పిన ఆడవాళ్లున్నారు. అది ఆమె చేయించుకుంది. విదురాశ్వత్థంలో రాతి నాగుల ముందు మీ అమ్మగారి పక్కన నిలబడి మొక్కింది. ఇప్పుడు, అన్నీ నార్మల్ అని తెలిశాక కూడా, నెలనెలా ట్యాబ్లెట్లు మింగుతోంది. ఆ ట్యాబ్లెట్లు రాస్తున్న డాక్టరమ్మకు మీ రిపోర్టు సంగతి తెలియదు, ఎందుకంటే అది మీ ల్యాప్‌టాప్ బ్యాగులో ఉంది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా, పూర్తిగానో కొంతో, కారణం ఉంటుంది. మన ఇళ్లలో మాత్రం గొడ్రాలు అనే మాట ఉంది, మగవాడికి దానికి సరిపడే తిట్టే లేదు. మీరు దాచిన ప్రతి నెలా ఆ మాట ఆమెకు ఒక అడుగు దగ్గరవుతుంది.

కాబట్టి చెప్పండి, ఈ రాత్రే చెప్పండి. పెద్ద ఉపోద్ఘాతం ఏమీ వద్దు. కాగితం ఆమె చేతికిచ్చి, "ఇది పదిరోజుల కిందటే వచ్చింది, భయమేసి దాచాను" అనండి. కోపం వస్తుంది, రానివ్వండి. దాచినందుకే గానీ, అంకెల మీద కాదు ఆ కోపం. ఈ సమాధానం కూడా చదివించండి. ఆమె ట్యాబ్లెట్లు డిసెంబరు దాకా ఆపవచ్చా అని డాక్టరమ్మను ఇద్దరూ కలిసి వెళ్లి అడగండి. ఊర్లో మళ్లీ ఎవరైనా విశేషం అడిగితే, జవాబు మీరు చెప్పండి, "నాకు కూడా పరీక్షలు జరుగుతున్నాయి" అని. మీ అమ్మగారికి మొదట కష్టంగా ఉండొచ్చు. కొడుకు నోటితో విన్నాక ఆవిడ మళ్లీ కోడలిని మొక్కులకు ఒంటరిగా తిప్పరని నా నమ్మకం.

ఈ రెండు నెలలూ సిగరెట్ ఉంటే మానేయండి, మందు తగ్గించండి, ల్యాప్‌టాప్ ఒళ్లో కాకుండా బల్ల మీద పెట్టుకోండి. జిమ్‌కు వెళ్లండి, మంచిదే. సూది మాత్రం వద్దు. డిసెంబరు మొదటి వారంలో రెండో రిపోర్టు వచ్చాక, రెండు రిపోర్టులూ, డెంగీ అప్పటి డిశ్చార్జి కాగితమూ పట్టుకుని ఇద్దరూ యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఆ అంకెలు నాకూ రాయండి, ఎదురుచూస్తుంటాను.